ఆదివారము తల్లికిని రావలెను

(కోలారు బంగారు గనుల పట్టణమున తెలుగు క్రైస్తవ స్త్రీల సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విశ్రాంతి దినమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సమాజమువారు మమ్ము కోరినారు. మేము పండితులము గాము. పదవ తరగతితో చదువు చాలించి రాబర్ట్‌సన్‌పేటలో కిరాణా అంగడి పెట్టుకొన్నవారము. బోధకులు చెప్పవలసిన సంగతిని వర్తకులు చెప్పనేల యని కొందరికి తోపవచ్చును. అయితే విశ్రాంతి యనునది కొంతవరకు లెక్కకు సంబంధించిన విషయము. ఏడు దినములలో ఎవరికెంత పని, ఎవరికెంత తీరిక యని చిట్టా వ్రాసి చూచినచో, మన యిండ్లలో ఆదివారము ఎవరి ఖాతాలో జమ పడుచున్నదో, ఎవరి ఖాతాలో ఖర్చు పడుచున్నదో తేటపడును. ఆ లెక్కను మీ ముందుంచుటకే వచ్చితిమి.

2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిదప మన పట్టణపు బ్రదుకు రైలు పట్టాల మీదికి వచ్చినది. మారికుప్పములో తెల్లవారక మునుపే బండి యెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరికి పోయి, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఇల్లు చేరువారు మనలో ఎందరో కలరు. వారిలో తల్లులును ఉన్నారు. బట్టలు కుట్టు కర్మాగారములలోను, ఆసుపత్రులలోను, అంగళ్లలోను ఆరు దినములు నిలువుకాళ్ల మీద పని చేసిన యట్టి తల్లికి ఏడవ దినమున మిగులున దేమి? వారము నాటి మురికిబట్టలు మిగులును. పిల్లల తలంట్లు మిగులును. వారిని సిద్ధపరచి ఆదివారపు బడికి పంపవలెను. ఇంతలో ఇంటి యజమాని మాంసము తెచ్చి వంటయింటి గట్టు మీద నుంచి, తన బాధ్యత తీరినదని పత్రిక చేత బట్టును. ఆమె మసాలా నూరి, కూర పొయ్యిమీదికెక్కించి, చీర మార్చుకొని, రెండవ గంట మ్రోగునప్పటికి గుడి చేరును. ఆరాధన ముగిసినంతనే వడ్డన, చుట్టములు, గిన్నెలు. సాయంకాలము విశ్రాంతిని గూర్చి ప్రసంగము వినుటకు స్త్రీల సమాజమునకు రావలెను. ఆ సమాజపు తేనీరును ఆమెయే కాచవలెను!

నవ్వుచున్నారు, నవ్వవలసినదే. కాని మేము చెప్పినది అతిశయోక్తి కాదని మీ నవ్వే సాక్ష్యమిచ్చుచున్నది. ఇది మన పట్టణపు మాట మాత్రమే గాదు. భారత ప్రభుత్వమువారు 2019లో దేశ ప్రజల కాల వినియోగమును గూర్చి సర్వే జరిపించిరి. జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నట్లు అందు తేలినది. ఆ పని చేయు పురుషులైనను నలుగురిలో ఒక్కరు మాత్రమే. ఈ 299 నిమిషములనగా ఇంచుమించు ఐదు గంటలు. కర్మాగారమున ఎనిమిది గంటలు, రైలులో నాలుగైదు గంటలు గడపు తల్లికి ఈ ఐదు గంటలు ఎచ్చట నుండి వచ్చును? కొంత నిద్రనుండి వచ్చును. మిగిలినది ఆదివారము నుండి వచ్చును.

ఇక దేవుని వాక్యమేమని చెప్పుచున్నదో చూతము. నిర్గమకాండము 20వ అధ్యాయమున విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఎవరెవరు పని మానవలెనో ఒక జాబితా కలదు. ఇంటివాడు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, ఇంట నున్న పరదేశి. ఇందు భార్య పేరు వేరుగా లేదు. ఆమెకు సెలవు లేదని దీని యర్థమా? కానేకాదు. దాసికిని, పశువునకును విశ్రాంతి నిచ్చిన దేవుడు ఇల్లాలిని మరచునా? ఆజ్ఞను విను "నీవు" అను మాటలోనే ఆమె చేరి యున్నది. అనగా ఆ దినమును ఆచరింపజేయు యజమానత్వమున ఆమె భర్తతో సమముగా నిలిచి యున్నది. మరి మనము చేయుచున్నదేమి? యజమానురాలిగా నిలువవలసిన దినముననే ఆమెను దాసికంటె తక్కువగా నిలుపుచున్నాము. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున ఇదే ఆజ్ఞకు కారణము కూడ చెప్పబడినది. మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి, దానిని జ్ఞాపకము చేసికొని మీ దాసదాసీలను విశ్రమింపనిండు అని దాని భావము. సెలవు లేని బ్రదుకే దాస్యపు గుర్తు అని అచ్చట తేటగా తెలియుచున్నది.

యూదులకు ఆ దినము శనివారము. ప్రభువు మృతులలోనుండి లేచిన దినమని క్రైస్తవ సంఘము ఆదివారమును ఆచరించుచు వచ్చినది. 321వ సంవత్సరమున రోమా చక్రవర్తి కాన్‌స్టంటైను పట్టణవాసులకును, న్యాయాధిపతులకును, వృత్తి పనులవారికిని ఆదివారమున పని నిలుపుమని శాసించెను. కాని సేద్యగాండ్రకు ఆ దినమున దున్నుకొనుటకును, విత్తుటకును అనుమతి నొసగెను. అదను తప్పిన పంట చేతికి రాదు గదా. పొలమునకు మినహాయింపు వ్రాసియిచ్చిన రాజులు కలరు. పొయ్యి మాత్రము వ్రాయకయే మినహాయింపబడుచు వచ్చినది.

మన దేశమున ఆదివారపు సెలవు ఊరక వచ్చినది గాదు. ముంబయి మిల్లులలో కూలీలు ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువరకు పని చేసెడివారు. వారమున కొక దినము విశ్రాంతి వారికి హక్కుగా లేకుండెను. మహాత్మా జ్యోతిరావు ఫూలే గారి అనుచరుడగు నారాయణ మేఘాజీ లోఖండే 1884లో కార్మికులను సమకూర్చి, ఆదివారమున పూర్తి సెలవును, మధ్యాహ్నమున అరగంట విరామమును కావలెనని వారి చేత కోరించెను. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. లోఖండే క్రైస్తవుడు గాడు. అయినను ఆయన సాధించిన సెలవు మన యారాధనకును అక్కరకు వచ్చినది. ముంబయిలో కామాఠీపురమునకు ఆ పేరు తెచ్చినవారు మన తెలుగు కూలీలే. ఆ నగరపు మిల్లులలోను తెలుగు చేతులు పని చేసినవి. పిమ్మట 1942లో అంగళ్లకు వారపు సెలవు చట్టమును, 1948లో ఫ్యాక్టరీల చట్టమును వచ్చినవి. మిల్లు కూలీకి సంఘముండెను. అంగడి గుమాస్తాకు చట్టముండెను. వంటయింటి తల్లి ఎవరికి మహజరు పెట్టుకొనును? ఆమెకు సంఘమును, చట్టమును ఆమె యింటివారే కావలెను.

ఇట్లు చెప్పినప్పుడు కొన్ని ఆక్షేపణలు వచ్చుట సహజము.

పేతురు అత్త జ్వరము విడిచినంతనే లేచి ప్రభువునకు ఉపచారము చేసెను గదా, అదియు విశ్రాంతి దినమే గదా యని యొకరడుగుదురు. మార్కు సువార్త మొదటి అధ్యాయమును మరల చదువుడు. ప్రభువు ఆ యింట అడుగిడి మొదట భోజనము నడుగలేదు; మంచము మీద నున్న యామె చేయి పట్టి లేవనెత్తెను. లూకా సువార్త 13వ అధ్యాయమున పదునెనిమిది ఏండ్లు నడుము వంగిన స్త్రీని ఆయన విశ్రాంతి దినమునే స్వస్థపరచెను. సమాజమందిరపు అధికారి కోపపడగా, మీరు ఆ దినమున ఎద్దును, గాడిదను కట్టు విప్పి నీళ్లకు తోలుకొని పోవుదురు గదా, ఈమె కట్టు విప్పరాదా యని ప్రశ్నించెను. వంగిన నడుములు మన సంఘమునను కలవు. వాటిని నిలువబెట్టుట విశ్రాంతి దినమునకు తగిన పనియే.

శనివారముననే సర్వము సిద్ధము చేసికొనరాదా యని మరియొకరందురు. మన్నా కురిసిన కాలమున ఆరవ దినమున రెండింతలు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి, వండవలసినది వండి యుంచుకొనిరని నిర్గమకాండము 16వ అధ్యాయమున కలదు. మంచి మాటయే. కాని శనివారము రాత్రి ఎనిమిదింటికి రైలు దిగిన తల్లి అర్ధరాత్రి వరకు రుబ్బి, ఉతికి, తరిగి ఆదివారమున సోలిపోయినచో అది విశ్రాంతి యగునా? ఒక పద్దులోని అప్పును మరియొక పద్దునకు మార్చినంత మాత్రమున అప్పు తీరదు. మన్నాను కూర్చినది ఇంటి యిల్లాండ్రు మాత్రమే కాదు, జనులందరును కూర్చిరి. చేతులు పెరుగవలెను, లేదా పని తగ్గవలెను. ఈ రెండును గాక మూడవ దారి లేదు.

పని తగ్గించుటకు మార్గములు లేకపోలేదు. ఆదివారమున నాలుగు కూరల భోజనమే కావలెనని వాక్యమున లేదు. పులుసు మరునాటికే రుచి. చేపల పులుసు సంగతి చెప్పనేల! రాగి సంగటియు, పచ్చడియు, మజ్జిగయు ఉన్నచో మన తాతలు విందనుకొనిరి. మాంసము తప్పదను పురుషులు దానిని తెచ్చుటతో నిలువక వండుటయు నేర్చుకొందురు గాక. పెండ్లిండ్లలో వందలమందికి అన్నము వార్చువారు మగవారే. ఇంటిలో నలుగురికి వార్చుట వారికి బరువగునా? బట్టల పనిని వారమున రెండు రాత్రులకు పంచి, పదేండ్లు దాటిన కొడుకునకును, కూతురునకును సమముగా అప్పగింపవలెను. కూతురునకు మాత్రమే అప్పగించినచో నేటి తల్లి భారమును రేపటి తల్లికి వ్రాసియిచ్చుటయే యగును.

చంటిబిడ్డ గల తల్లి సంగతి వేరు. బిడ్డ ఆకలికి ఆదివారము లేదు. పాలిచ్చుట ఇతరులు చేయజాలరు. ఆ యొక్కటి తప్ప మిగిలినవన్నియు ఇతరులు చేయగలరు. మధ్యాహ్నమున రెండు గంటలు బిడ్డ నెత్తుకొని వీధి చివరివరకు తిప్పుకొనివచ్చు తండ్రి గాని, నాయనమ్మ గాని ఉన్నచో ఆ తల్లి కన్ను మూయును. ఆసుపత్రులలో ఆదివారమున పని పడు తల్లులును ఉన్నారు. రోగిని చూచుట దయగల పని. గుంటలో పడిన గొఱ్ఱెను విశ్రాంతి దినముననైనను పైకి దీయుదురు గదా యని ప్రభువే సెలవిచ్చెను. వారికి ఆదివారమునకు బదులు మంగళవారమైనను, గురువారమైనను ఇంటివారు కాపాడి యియ్యవలెను. అట్టివారు గుడికి రాలేదని నిందించుట మనకు తగదు. విశ్రాంతి దినము మనుష్యుని కొరకే యని ప్రభువు చెప్పగా, దానిని తల్లుల నెత్తిన మరియొక క్రొత్త బరువుగా మోపరాదు.

మా అంగడిని ఆదివారమున మూయుదుము. ఆ దినముననే బేర మధికము గదా యని తోటి వర్తకులందురు, నిజమే. పోయిన బేరములో కొంత సోమవారమున వచ్చును. కొంత ఎన్నటికిని రాదు. రాని దానిని ఆ దినపు వెలగా భావింతుము. విశ్రాంతికి వెల యున్నది. ఎవరో యొకరు చెల్లింపక తప్పదు. ఇంటిలో ఆ వెల ఏమి? ఒక కూర తగ్గుట, ఇస్త్రీ లేని చొక్కా తొడుగుట, చుట్టములు వచ్చినప్పుడు ఇల్లు కొంత చిందరవందరగా నుండుట. ఈ స్వల్పపు వెలను అందరును పంచుకొని చెల్లింపనిచో, మొత్తమును తల్లి యొక్కతెయే తన యారోగ్యముతో చెల్లించుచున్నది.

ఇందు మన భాష సంగతియు ఇమిడి యున్నది. ఈ పట్టణమున మన పిల్లలు బడిలో కన్నడమును, ఆంగ్లమును చదువుదురు. వీధిలో తమిళము వినుదురు. తెలుగు అక్షరములు అనేకుల యిండ్లలో తల్లి యొడిలోనే, బైబిలు మీదను, కీర్తనల పుస్తకము మీదను వ్రేలు పెట్టించి నేర్పబడుచున్నవి. దానికి తీరిక దొరకు దినము ఆదివారమొక్కటే. ఆ మధ్యాహ్నమున తల్లి గిన్నెల యొద్ద నున్నచో పిల్లలు సెల్‌ఫోను యొద్ద నుందురు. తల్లికి ఒక గంట మిగిలించిన యింట తెలుగు మరియొక తరము నిలుచును. సంఘముగా మనము ఎన్ని తీర్మానములు చేసినను ఆ గంట చేయు పనిని చేయలేము.

కడపట మూడు మనవులు. మొదటిది, సంఘపు విందులలో వంటను, వడ్డనను, పాత్రల శుద్ధిని పురుషులును యువకులును వంతుల వారీగా చేయవలెను. మొదటి వంతు మేము తీసికొనుచున్నాము. రెండవది, స్త్రీల సమాజపు కూటమి ఆదివారపు సాయంకాలమున కాక, ఆరాధన ముగిసిన వెంటనే అరగంటలో ముగియునట్లు పెద్దలు ఆలోచింపవలెను. మూడవది, ప్రతి యింటను ఆదివారము మధ్యాహ్నము రెండు గంటల నుండి నాలుగు గంటల వరకు తల్లిని ఎవరును ఏమియు అడుగరాదు. ఆమె నిద్రించునో, చదువుకొనునో, పొరుగింటి యామెతో ముచ్చటించునో, అది ఆమె యిష్టము.

తల్లులారా, మీకును ఒక మాట. మేము లేనిదే పని జరుగదను తలంపును ఆ రెండు గంటల పాటు ప్రక్కకు పెట్టుడు. అన్నము కొంచెము మాడవచ్చును. చొక్కా ముడుత పడవచ్చును. మన్నా కురియని దినమున ఇశ్రాయేలీయులు పస్తుండలేదు. మీ యిల్లును పస్తుండదు.

ప్రభువు మీ చేతులకు బలమును, ఏడవ వంతు నెమ్మదిని దయచేయును గాక. సెలవు.