తలదెబ్బ మానిన పిదప వచ్చు మూర్ఛ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సాహిత్యముమీద నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పగలు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ బీరువాలలోని పుస్తకములు చదువుకొన్నవాడను, వైద్యుడను కాను. అయినను నేడు సాహిత్యమును ప్రక్కనుంచి ఒక వ్యాధినిగూర్చి చెప్పదలచితిని. తాండూరు బండల గనులలోను, వికారాబాదు త్రోవమీదను తలకు దెబ్బలు తగిలినవారు మన ఊళ్ళలో కొందరున్నారు. గాయము మానినదని మనము సంతోషించి దానిని మరచిపోవుదుము. ఆ దెబ్బ నెలలు గడచిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిన పిమ్మట, మూర్ఛ రూపమున మరల బయటపడవచ్చును. అప్పుడు దానిని పాతదెబ్బతో ముడిపెట్టి చూచువారు అరుదు.

ఈ వ్యాధికి మనలో పేర్లకు కొదవలేదు. కాకిసొమ్మ అందురు, మిర్గీ అందురు, ఫిట్సు అందురు. శాస్త్రములలో దీనిపేరు అపస్మారము. స్మృతి తొలగిపోవుట అని ఆ మాటకు అర్థము. చరకసంహిత అపస్మారమును వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచేత నాలుగు విధములుగా చెప్పినది. దెబ్బవలన కలుగునది అని అందు వేరొక విధము లేదు. కాని అదే గ్రంథమున సిద్ధిస్థానములో హృదయము, వస్తి, శిరస్సు అను మూడు మర్మములను గూర్చిన అధ్యాయమొకటి కలదు. తలకు దెబ్బ తగిలినచో మెడ బిగియుట, ముఖము వంకరపోవుట, కన్నులు తిరుగుట, మోహము, అవయవములు మెలికలు పడుట, మాట పడిపోవుట మున్నగునవి కలుగునని అందున్నది. ఈ రెండు తావులను ప్రక్కప్రక్కన పెట్టుకొని పలుమార్లు చదివితిని. దెబ్బ ఒక పుటలో, అపస్మారము వేరొక పుటలో ఉన్నవి. ఆ రెండు పద్దులను కలుపు గీత నాకు అక్కడ కానరాలేదు. పూర్వులను ఆక్షేపించుట నా ఉద్దేశము కాదు. దెబ్బకును మూర్ఛకును నడుమ ఏడాది, రెండేండ్లు గడచిపోయినపుడు ఆ సంబంధము పట్టుకొనుట ఎవరికైనను కష్టమే.

మరి ఆ నడిమి కాలములో మెదడున జరుగునది ఏమి? మెదడులోని నాడీకణములు స్వల్పమైన విద్యుత్తుతో ఒకదానితో నొకటి మాటలాడుకొనును. కొన్ని పురికొల్పును, కొన్ని అణచును. ఎద్దునకు అదలింపు ఎంత అవసరమో పగ్గమును అంతే అవసరము గదా! ఆ తూకము తప్పి, ఒక్కుమ్మడిగా అనేక కణములు చెలరేగుటయే మూర్ఛ. 19వ శతాబ్దమున లండనులోని హ్యూలింగ్స్ జాక్సన్ అను వైద్యుడు ఈ సంగతిని స్పష్టపరచెను. తలకు బలమైన దెబ్బ తగిలినపుడు మెదడులోనికి కారిన రక్తమందలి ఇనుము అచ్చటనే నిలిచి చుట్టునున్న కణములను బాధించును. నలిగినచోట మచ్చ కట్టును. తెగిన కణములు పాత తోవలు పోగొట్టుకొని క్రొత్త తోవలు వేసికొనును. గండిపడిన కాలువలోని నీరు తనకు తోచిన దారిని పోవునట్లు ఆ క్రొత్త తోవలన్నియు మేలైనవి కావు. అణచు కణములు కొన్ని నశించును. ఈ పని ఒకనాటితో ముగియదు. నెలలు, సంవత్సరములు పట్టును. పైన చర్మము మానినను లోన ఇది నడచుచునే యుండవచ్చును.

దెబ్బ తగిలిన మొదటి వారములో వచ్చు మూర్ఛను వైద్యులు వేరుగా లెక్కింతురు. అది అప్పటి వాపువలన, రక్తస్రావమువలన వచ్చునది. వారము దాటిన పిదప వచ్చినదే ముఖ్యముగా గమనింపదగినది, ఏలయనగా అది మరల మరల వచ్చు అవకాశము మెండు. అమెరికాలో మినెసోటా రాష్ట్రమునందు తలదెబ్బలు తిన్న 4,541 మంది సంగతులు పరిశీలించి 1998లో ఒక నివేదిక ప్రకటించిరి. అరగంటలోపుగా తెలివి వచ్చిన చిన్నదెబ్బలవారిలో 30 ఏండ్లలో నూటికి ఇద్దరికి, పుర్రె చిట్లినవారు మొదలగు మధ్యరకమువారిలో నూటికి నలుగురికి, మెదడు నలిగినవారు, లోన రక్తము గడ్డకట్టినవారు, ఒకదినమునకు మించి స్పృహలేనివారు అను తీవ్రమైన వర్గములో నూటికి సుమారు పదునేడుగురికి మూర్ఛ వచ్చినట్లు తేలినది. కావున గడపకు తల తగిలిన ప్రతివాడును బెంగపడనక్కరలేదు. తీవ్రగాయము పొందినవారి ఇంటివారు మాత్రము కనిపెట్టి యుండవలెను, ముఖ్యముగా మొదటి రెండేండ్లు.

ముందే మందు మింగి దీనిని ఆపరాదా అని అడుగుదురు. ఫెనిటాయిన్ అను మందుతో చేసిన పరీక్ష ఫలితములు 1990లో వెలువడినవి. ఆ మందు మొదటివారపు మూర్ఛలను తగ్గించినది గాని, తరువాతి కాలమున వచ్చువానిని ఆపలేకపోయినది. నేటికిని అట్టి నివారణ మందు లేదు. వచ్చిన మూర్ఛను అదుపులో నుంచు మందులు మాత్రము కలవు. పెక్కుమందికి అవి చక్కగా పనిచేయును.

మా ప్రాంతపు యువకుడొకడు చీకటిలో మోటారుసైకిలుమీదినుండి పడి రెండుదినములు స్పృహలేక, పట్టణమున శస్త్రచికిత్స పొంది ఇల్లుచేరెను. పది నెలలకు కందిచేనిలో విరుచుకొనిపడెను. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి, తాయెత్తు కట్టిరి. కుదిరిన పెండ్లి తప్పిపోయెను. తల్లి ఆ సంగతిని గుట్టుగా నుంచెను. అంతకు ముందునుండియే అతడు నడుమ నడుమ మాట ఆపి, చూపు నిలిపి, పెదవులు చప్పరించుచు, అంగీ గుండీలు తడుముచుండెడివాడట, దానిని పరధ్యానమనుకొనిరి. అదియు మూర్ఛయే. చిట్టచివరకు ట్రంకుపెట్టె అడుగున దొరికిన పాత ఆస్పత్రి కాగితము చూచిన వైద్యుడు విషయము గ్రహించెను. నేడు అతడు మాత్రలు వేసికొనుచు పప్పుమిల్లులో పనిచేయుచున్నాడు.

పెండ్లి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. హిందూ వివాహచట్టములో పెండ్లికి అడ్డుగా నుండిన మూర్ఛ అను మాటను 1999లో తొలగించిరి. చట్టము విడిచిన దానిని మన పెండ్లి పెద్దలు ఇంకను పట్టుకొని యున్నారు.

ఇంకొక మాట. మూర్ఛ యెల్ల పాతదెబ్బవలననే యనరాదు. మెదడులోని పురుగుబుడ్డలు, జ్వరములు, మద్యము మున్నగు కారణములును కలవు. మన ప్రాంతమునకు ప్రత్యేకముగా కల్తీకల్లు కలదు. దానిలో కలుపు మత్తుమందునకు అలవాటుపడినవాడు హఠాత్తుగా మానినను మూర్ఛ వచ్చును. ఈ సంగతులు వైద్యునివద్ద దాచరాదు. మెదడు విద్యుత్తును గీతలుగా చూపు యంత్రమును జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యునిపై మొదట ప్రయోగించెను. నేడది పెద్ద ఆస్పత్రులన్నింట కలదు. కాని మూర్ఛ లేని వేళ ఆ గీతలు సరిగా నుండవచ్చును. అందుచేత కన్నులార చూచినవాని మాటకు విలువ ఎక్కువ.

ఎవరైన పడినపుడు పట్టి బిగింపకుడు, నోటిలో ఏమియు పెట్టకుడు. ఇనుప వస్తువులతో పనిలేదు. చుట్టునున్న రాళ్ళు తీసి, తలక్రింద కండువా ఉంచి, కొట్టుకొనుట తగ్గగానే ప్రక్కకు ఒత్తిగిలజేసి గడియారము చూడుడు. 5 నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను 108కి ఫోను చేయుడు. మాత్రలు తమంతట మానరాదు. వ్యాధి అదుపులోనికి వచ్చి వైద్యుడు సరేయనువరకు బండి నడుపుట, గని అంచున పని, ఒంటరిగా బావిలో ఈత కూడవు.

2025 నవంబరు 3వ తేదీన తాండూరు బస్సును మీర్జాగూడవద్ద కంకర లారీ ఢీకొని 19 మంది మరణించిరి. ఇట్టి ప్రమాదములలో చనిపోయినవారి లెక్క పత్రికలలో వచ్చును. తలకు గాయమై బ్రదికినవారు పదినెలలకు ఎట్లున్నారో ఎవరును వ్రాయరు. ఆ లెక్క ఇంటివారే వ్రాసికొనవలెను. దెబ్బ తగిలిన తేదీ, ఎంతసేపు స్పృహ లేదు, తల ఫోటోలో ఏమి తేలినది, ఏ మందులిచ్చిరి అనునవి ఒక కాగితముమీద నుండవలెను. మోటారుసైకిలు పెట్రోలుటాంకుమీద శిరస్త్రాణము మోసుకొనిపోవు యువకులు దానిని నెత్తిన పెట్టి గడ్డముక్రింద పట్టీ బిగించినచో అట్టి కాగితముల అవసరమే తగ్గును.

ఆస్పత్రి కాగితములు ఇంగ్లీషులో నుండి తెలియనివారు సాయంకాలము 6 గంటల పిదప ఇచ్చటికి తీసికొనిరండు. వానిలోని తేదీలు, వివరములు తెలుగున వ్రాసి ఇచ్చెదను. చివరి బల్లవద్ద కూర్చుందును.