ఏడో తారీఖు లోపల
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఫార్మాసిటీలో కాంట్రాక్టరు కింద పనికెళ్ళే మన పిల్లలకి జీతం ఆలస్యమైతే ఆ కాంట్రాక్టరుని మనం ఎన్ని మాటలంటామో మనకే తెలుసు. ఇప్పుడు మనలోనే కొందరం జీతాలు ఇచ్చేవాళ్ళమయ్యాం. లింకేజీ రుణంతో కుట్టు కేంద్రమో, పచ్చళ్ళ పనో, క్యారేజీ భోజనాలో మొదలుపెట్టాం. చేతులు చాలక ఇద్దరినో నలుగురినో పెట్టుకున్నాం. ఈరోజు ఆ జీతాల మాటే మాట్లాడుకోవాలి.

ముందు మా తప్పే చెప్తాం. మా కుట్టు కేంద్రానికి యూనిఫారాల ఆర్డరు వచ్చింది. బట్టలు కుట్టి ఇచ్చేశాం, బిల్లు మాత్రం రెండు నెలలు రాలేదు. పనిచేసిన అమ్మాయికి "బిల్లు రాగానే ఇచ్చేస్తాం, మనలో మనమే కదా" అన్నాం. మన వీధి పిల్లే, ఎదురు చెప్పలేదు. ఆ నెల ఆమె సంఘంలో అప్పు వాయిదా కట్టలేకపోయింది. సంఘం జరిమానా వేసింది, పుస్తకంలో రాసింది. ఆమెకి మేము బాకీ ఉన్న జీతం పుస్తకం కూడా అదే బల్ల మీద ఉంది. రెండూ కలిపి చూడాలని ఎవరికీ తట్టలేదు. బిల్లు వచ్చాక జీతం మొత్తం ఇచ్చాం, జరిమానా కూడా తీసేశాం. ఆమె మాత్రం మళ్ళీ పనికి రాలేదు.

చట్టం ఏమంటుందో ఆ తరవాతే కనుక్కున్నాం. 1936 నుంచే వేతనాల చెల్లింపు చట్టం ఉంది. ఇప్పుడు దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. నెల జీతమైతే తరవాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. వారం కూలైతే ఆ వారం ఆఖరి పనిదినాన, రోజు కూలైతే ఆ పూట పని దిగేటప్పుడే. మానేసిన మనిషికీ, మనం మాన్పించిన మనిషికీ రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. మనది చిన్న కేంద్రం కదా, మనకెందుకు అనుకోవద్దు. ఈ గడువులు చిన్నా పెద్దా అందరికీ ఒకటే. మన బిల్లు రాలేదన్నది మన కష్టం, ఆమె గడువుకి దానితో సంబంధం లేదు.

కోతల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తగువులు అక్కడే వస్తాయి. గుడ్డ తప్పు కత్తిరించిందని జీతంలో పట్టేసుకోవడం కుదరదు. నష్టం ఆమె అజాగ్రత్త వల్లే జరిగి ఉండాలి, ఆమె చెప్పుకునేది ముందు వినాలి. అడ్వాన్సూ అదీ అన్నీ కలిపినా కోత సగం జీతం దాటకూడదు. ఇవ్వాల్సిన దానికంటే తక్కువ ఇస్తే 50,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. జీతం రాని మనిషి మూడేళ్ళ లోపల ఎప్పుడైనా దావా వేసుకోవచ్చు.

ఇదే చట్టం మన పిల్లలకీ పనికొస్తుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే, ఆ పని జరిగే కంపెనీయే జీతం చెల్లించాలి. ఇంట్లో చెప్పండి.

లాభంలో వాటా తీసుకునే సభ్యురాలు వేరు, జీతానికి వచ్చే మనిషి వేరు. వాటాదారులం మనం ఒక నెల ఆగొచ్చు. ఆమెని ఆగమనడానికి మనకి హక్కు లేదు.

మా కేంద్రంలో ఇప్పుడు ఒక నెల జీతాల సొమ్ము విడిగా ఖాతాలో ఉంచుతున్నాం. నలుగురికి రోజుకి 500 చొప్పున 26 రోజులంటే 52,000. ఒక్కసారిగా దొరకలేదు, మూడు ఆర్డర్ల లాభం పంచుకోకుండా కూడబెట్టాం. మాలోనే సణుగుడు వచ్చింది, దాచడమెందుకు. కొత్త ఆర్డరు ఒప్పుకునేటప్పుడు కొంత అడ్వాన్సు అడుగుతున్నాం. ఇవ్వమన్నవాళ్ళవి రెండు వదులుకున్నాం కూడా.

మనుషుల్ని పెట్టుకున్న ప్రతి సంఘం వచ్చే నెల సమావేశానికి జీతాల పుస్తకం తేవాలి. ఏ తేదీన ఇచ్చారో, తీసుకున్న మనిషి సంతకం ఉందో లేదో చూస్తాం. మొదట మా పుస్తకమే చూడండి.