రికార్డును నిలుపునది సాక్షి



జీవనోపాధికై కాక కేవలము వేడుకకై టేబుల్ టెన్నిస్ ఆడువారు అపూర్వములైన రికార్డులను ఎట్లు నెలకొల్పవలయును, ఆ రికార్డులను ఎవరు ఏ రీతిని పరీక్షింపవలయును అనునది నేడు నేను మాటాడదలచిన విషయము. బంతిని క్రింద పడనీయక బ్యాటుపై వరుసగా ఎగురవేయుట, బ్యాటు రెండు ముఖములతోను మార్చి మార్చి కొట్టుట, బల్లలో ఒక సగమును గోడవలె నిలువుగా మడిచి ఒంటరిగా ఆడుట, ఇరువురు ఎదురెదురుగా నిలిచి ఒక నిమిషములో ఎన్ని దెబ్బలు కొట్టగలరో చూచుకొనుట, ఇవి కొందరికి పిల్లల చేష్టలవలె తోచవచ్చును. నాకట్లు తోచదు. 2.7 గ్రాముల బరువును, 40 మిల్లీమీటర్ల వ్యాసమును గల ఆ బంతిని గంటల కొలది తన యధీనమున నుంచుకొనగల మనుష్యుని చిత్తైకాగ్రత సామాన్యమైనది కాదు. అయినను ఆ యేకాగ్రత ఎంత గొప్పదైనను, దానిని యథాతథముగా లెక్కించి, ఇది జరిగినదని ప్రమాణపూర్వకముగా చెప్పగల సాక్షి లేనియెడల అది రికార్డు కాజాలదు, ఆనాటి సంతోషముగా మాత్రమే మిగిలిపోవును.

ఈ మాట మన పాలమూరు సీమవారికి క్రొత్తది కాదు. విద్వద్గద్వాల యని కీర్తిగాంచిన సంస్థానమును, వనపర్తియు, ఆత్మకూరును అవధానులను ఆదరించిన గడ్డలు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములకు విచ్చేసి సత్కారములందినవారే. అవధానమున ఘంటాగణనమను అంశమొకటి యున్నది. ఒకడు నడుమ నడుమ గంట మ్రోగించుచుండును; అవధాని పద్యములు చెప్పుచు, సమస్యలు పూరించుచు, అప్రస్తుత ప్రసంగికి బదులిచ్చుచు, ఆ గంటల సంఖ్యను మనస్సులో నిలుపుకొని చివర చెప్పవలెను. అతడు చెప్పిన సంఖ్య సరియో కాదో తేల్చువాడు అవధాని కాడు, అతని శిష్యుడును కాడు. గంట కొట్టినవాని వద్ద వేరుగా నున్న లెక్కయే దానిని తేల్చును. ప్రజ్ఞ చూపువాడు వేరు, లెక్క పట్టువాడు వేరు అను ధర్మమును మన పూర్వులు ఏ విదేశ గ్రంథమును చూచి నేర్చుకొనలేదు.

ఇక ఈ క్రీడాచరిత్రను చూతము. 1936లో ప్రాగ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో పోలెండుకు చెందిన ఎర్లిఖ్, రుమేనియాకు చెందిన పానెత్ అను ఇరువురు తలపడగా, మొదటి పాయింటు తేలుటకే రెండు గంటలకు పైగా పట్టినది. ఇరువురును బంతిని తిరిగి పంపుటయే తప్ప దూకి కొట్టుట మానుకొనిరి. అటునిటు తల త్రిప్పి త్రిప్పి అంపైరు మెడ పట్టుకొనిపోయెననియు, ఆయన స్థానమున వేరొకరిని కూర్చుండబెట్టవలసి వచ్చెననియు చెప్పుకొందురు. ఆ క్రీడాకారుల యోర్పును లోకము నేటికిని పొగడుచున్నది. నా మనస్సు మాత్రము ఆ యంపైరునొద్దనే నిలుచును. మరుసటి సంవత్సరము, 1937లో, ఆస్ట్రియాలోని బాడెన్‌లో మహిళల తుదిపోరు కాలపరిమితిని దాటినందున, రూత్ ఆరన్స్, ట్రూడీ ప్రిట్జీ అను ఇరువురిలో ఎవరికిని కిరీటము దక్కకుండ ఆ స్థానమును ఖాళీగా ఉంచిరి. 2001లో అంతర్జాతీయ సమాఖ్య వారిరువురిని సహవిజేతలుగా ప్రకటించినది. నిర్ణేత చేతిలో నున్నది ఎంతటి బరువో తెలుసుకొనుటకు ఈ యొక్క యుదాహరణము చాలును: ఆటస్థలమున ఒక్క పూటలో చెప్పిన తీర్పును సరిదిద్దుటకు అరువది నాలుగేండ్లు పట్టినది.

ఇట్టి సుదీర్ఘ సమరములను నివారించుటకే వల ఎత్తును తగ్గించిరి, కాలనియమమును తెచ్చిరి. నేటి నియమము ననుసరించి ఒక గేము పది నిమిషములలో ముగియక, ఇరువురి పాయింట్లును కలిసి పదునెనిమిదికి చేరనియెడల, అటుపై సర్వీసు అందుకొనువాడు పదుమూడు మార్లు బంతిని సరిగా తిరిగి పంపినచో పాయింటు అతనిదే యగును. ఆ పదుమూడును పైకి లెక్కించుటకు ఒక యధికారిని ప్రత్యేకముగా నియమింతురు. ఆటలోనే యిట్టి లెక్కరి యున్నపుడు రికార్డు ప్రయత్నమునకు లేకుండుట ఎట్లు తగును?

లెక్కించుట సులభమని తలపవలదు. 1993లో ఇంగ్లండుకు చెందిన జాకీ బెల్లింజర్, లీసా లోమాస్ అను క్రీడాకారిణులు ఒక్క నిమిషములో 173 దెబ్బలు కొట్టిరి. అనగా సెకనుకు దాదాపు మూడు. నూట డెబ్బదిమూడు అని మనము నోరార పలుకునంతలో మరి కొన్ని దెబ్బలు గడచిపోవును. కావున లెక్కరి ఒకటి మొదలు పది వరకే మనస్సులో పలుకుకొనుచు, ప్రతి పదికిని కాగితముపై ఒక గీత గీయవలెను. చెవి కన్నుకంటె వేగముగా పట్టును గనుక శబ్దమును ఆలకింపవలెను. ఇరువురు లెక్కరులు ఒకరి కాగితము నొకరు చూడకుండ వేరువేరుగా కూర్చుండవలెను. తుదకు వీడియోను నెమ్మదిగా నడిపి ఆ రెండు సంఖ్యలను దానితో సరిచూడవలెను. సంఖ్యలు కలియనిచో చిన్న సంఖ్యనే గ్రహించుట న్యాయమని నా యభిప్రాయము. ఆడినవాని మనస్సు కొంత నొచ్చినను, రికార్డుకు మచ్చ రాదు.

మరియొక చిక్కు కలదు. 2004లో అమెరికాలోని ఫీనిక్స్ నగరమున సైబెల్ సోదరులు ఒకే ర్యాలీని 8 గంటల 15 నిమిషములకు పైగా సాగించిరి. తరువాతివారు దానిని కూడ దాటిరి. దీనిని ఎర్లిఖ్ ఆడిన రెండు గంటలతో పోల్చి, ఇది నాలుగింతలు గొప్పదని చెప్పవచ్చునా? చెప్పరాదు. సోదరులిరువురును ఒకరికొకరు సాయపడుచు బంతిని బ్రతికించుకొనిరి. ప్రాగ్‌లో ప్రతి దెబ్బయు ఎదుటివాని నోటమికే. సహకారమును, స్పర్ధయు వేరువేరు జాతులు. కనుక ప్రయత్నమునకు ముందే అది ఏ జాతిదో, వలకు తగిలి అవతల పడిన బంతిని లెక్కింతురో లేదో, బల్లపై పడకమునుపే కొట్టిన బంతితో ర్యాలీ తెగునో తెగదో వ్రాసి చదివి వినిపింపవలెను. ఆట మొదలైన పిమ్మట పుట్టిన నియమము నియమము కాదు. సుదీర్ఘ ప్రయత్నములలో ఏ సాక్షియు నాలుగు గంటలకు మించి ఏకధాటిగా కూర్చుండరాదని గిన్నిస్ వారు విధించినది కూడ మిక్కిలి సమంజసము. అలసిన కన్ను అబద్ధమాడకున్నను తప్పు చూచును.

మన తెలుగువారు ఈ క్రీడలో వెనుకబడినవారు కారు. హైదరాబాదునుండి మీర్ ఖాసిం అలీ, ఆచంట వంశీయుడైన శరత్ కమల్, మన కాలమున ఆకుల శ్రీజ దేశవిజేతలైరి. శరత్ పది మార్లు జాతీయ సింగిల్స్ గెలిచినాడు. శరత్, శ్రీజ ఇరువురును కలిసి 2022లో బర్మింగ్‌హాములో కామన్‌వెల్త్ స్వర్ణము నందుకొనిరి. వారి విజయములకు అంపైర్లు, సమాఖ్యలు, దస్త్రములు కావలి కాయుచున్నవి. మన పాఠశాల వరండాలో బంతి నెగురవేయు పిల్లవానికి అట్టి కావలి లేదు. ఆ లోటును ఆసరాగా గొని, రుసుము చెల్లించిన చాలును, ప్రశంసాపత్రమును, పతకమును పంపెదమను సంస్థలు కొన్ని బయలుదేరినవి. శాలువ కప్పి ఫోటో తీయించుకొన్నంత మాత్రమున లెక్క నిజము కాదు. ఇట్టి పత్రములకై తల్లిదండ్రులు ధనము వెచ్చించుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

నిజమైన లెక్క ఎట్లుండవలెనో మన సీమయే చూపినది. తెలంగాణమున కవులు లేరని ఒక పండితుడు వ్రాసినపుడు, మన సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూర ఉత్తరములు వ్రాసి, పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. పేరుతో, ఊరితో, రచనతో కూడిన లెక్క కనుకనే దానికి ఎదురాడువాడు లేకపోయెను.

మనకు గొప్ప సాధనములు అక్కరలేదు. ముందు బల్లను కొలువుడు: పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525, ఎత్తు 76 సెంటీమీటర్లు, వల ఎత్తు 15.25. మీ బల్ల సిమెంటుదైనచో, పలకలు అతికినదైనచో సిగ్గుపడవలదు. ఆ సంగతిని అట్లే వ్రాయుడు, అది ఆ బల్లపై రికార్డగును. మన యాషాఢపు గాలికి ఆ బంతి ఆరుబయట నిలువదు గనుక గది తలుపులు మూసి ఆడింపుడు. ఆడువాని బంధువును గాని, వానికి ఆట నేర్పిన గురువును గాని సాక్షిగా కూర్చుండబెట్టవలదు.

ఉపాధ్యాయులారా, ప్రతి పాఠశాలలోను ఒక గట్టి అట్ట రిజిస్టరు తెరువుడు. తేది, బల్ల కొలతలు, నియమములు, ఇరువురు లెక్కరుల సంఖ్యలు, సాక్షుల సంతకములు అందు వ్రాయుడు. విఫలమైన ప్రయత్నములను కూడ వ్రాయుడు. లెక్కరులుగా కూర్చుండుటకు వట్టెమునుండి, పాలెమునుండి, నందివడ్డెమానునుండి వచ్చిన మీలో ఇష్టమున్నవారు ఈ సభ ముగిసిన వెంటనే మీ పేర్లు నిర్వాహకుల కిచ్చి వెళ్లుడని ప్రార్థించుచున్నాను.