గ్రహాలు తొమ్మిదా, ఎనిమిదా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

పచ్చడి అందరికీ అందిందనుకొంటాను. పంచాంగ శ్రవణానికి సిద్ధాంతిగారు వచ్చేలోపల పావుగంట నన్ను మాట్లాడమన్నారు. ఆ పావుగంటలో నా పాత బాకీ ఒకటి తీర్చుకోవలసి ఉన్నది.

2005 ఉగాదికి ఇదే బెంగుళూరులో, ఈ సంఘం సభలోనే నేను మాట్లాడినాను. నవగ్రహాలను మన పెద్దలు ఏనాడో లెక్కపెట్టినారనీ, పాశ్చాత్యులు 1930లో ప్లూటోను కనుక్కొంటేగాని ఆ తొమ్మిదికి చేరలేకపోయినారనీ గట్టిగా చెప్పినాను. చప్పట్లు బాగానే పడినవి. భోజనాలకు లేస్తుండగా పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె దగ్గరకు వచ్చి, “మాస్టారూ, మన తొమ్మిదిలో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు. బడి పుస్తకంలో తొమ్మిదిలో వాళ్లు లేరు, భూమి ఉన్నది. మరి రెండు తొమ్మిదులూ ఒకటెట్లా అవుతాయి?” అని అడిగింది. నేను ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. జవాబు తోచక, “పులిహోర చల్లారిపోతున్నది, వెళ్లమ్మా” అన్నాను. ఆ అమ్మాయి ఇవాళ తన కొడుకుతో మూడో వరుసలో కూర్చున్నది.

మరుసటి సంవత్సరం, 2006 ఆగస్టు 24న, ప్రాగ్ నగరంలో ఖగోళ శాస్త్రజ్ఞులు చేతులెత్తి ప్లూటోను గ్రహాల జాబితాలోనుంచి తీసివేసినారు. నా తొమ్మిది కాస్తా ఎనిమిదయినది. అప్పుడు గాని నేను సరిగా చదవడానికి కూర్చోలేదు.

ముందు మన లెక్క చూద్దాం. గ్రహమంటే పట్టుకొనేది అని ధాతువును బట్టి అర్థం. ఆకాశంలో నక్షత్రాలు ఒకదానికొకటి కదలకుండా ఉండగా, వాటి నడుమ చోటు మారుతూ నడిచేవాటిని మన జ్యోతిష్కులు గ్రహాలన్నారు. కంటికి కనిపించేవి అటువంటివి ఏడు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. వారాలూ వీరివే. భూమి మన కాళ్ల కింద ఉన్నది కనుక నడిచేవాటిలో చేరలేదు. ఇక రాహుకేతువులు వస్తువులే కావు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు స్థానాలు అవి. అవి వెనక్కు జరుగుతూ సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతవి. గ్రహణాలకు కారణం భూమి నీడా, చంద్రుడి నీడా అని ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలోనే చెప్పినాడు. కనుక మన తొమ్మిది దాని నియమం ప్రకారం సరి అయినదే. తప్పంతా దానిని ఇంకొక తొమ్మిదికి అంటగట్టిన నాది.

గ్రీకులదీ దాదాపు మన పద్ధతే. వారి మాటకు అర్థం తిరుగుబోతు. వారికీ సూర్యచంద్రులు తిరుగుబోతులే. 1543లో కోపర్నికస్ గ్రంథం వచ్చిన తర్వాత ప్రశ్నే మారిపోయినది. నక్షత్రాల నడుమ ఏది నడుస్తున్నది అనే ప్రశ్న పోయి, సూర్యుడి చుట్టూ ఏది తిరుగుతున్నది అనే ప్రశ్న వచ్చినది. దానితో సూర్యుడు జాబితాలోనుంచి తప్పుకొన్నాడు, చంద్రుడు భూమికి అనుచరుడైనాడు, భూమి గ్రహమైనది. ప్లూటోకు అన్యాయం జరిగిందని బాధపడేవారు గమనించాలి: గ్రహపదవి పోగొట్టుకొన్న మొదటివాడు సాక్షాత్తు సూర్యభగవానుడు.

ఆ తర్వాత 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ చేరినవి. ఈ రెంటికీ మధ్య ఒక చిత్రం జరిగినది. 1801 జనవరి 1న ఇటలీ దేశపు పియాజీ అనే ఆయన కుజుడికీ గురుడికీ నడుమ సెరిస్ అనే దానిని చూసినాడు. దానిని గ్రహమన్నారు. అదే ప్రాంతంలో మరి మూడు దొరికినవి, అవీ గ్రహాలే అన్నారు. తర్వాత పుట్టలోనుంచి చీమల్లాగా వరుసగా బయటపడినవి. మన పొరుగున మద్రాసు వేధశాలలో 1861 ఏప్రిల్ 17న పోగ్సన్ దొర కూడా ఒకటి పట్టుకొన్నాడు. ఆసియా ఖండంనుంచి కనుగొన్న మొదటిది కనుక దానికి ‘ఆసియా’ అనే పేరు పెట్టినాడు. ఇట్లా పెరుగుతూ పోతే పిల్లలు బట్టీ పట్టలేరని కాదుగాని, ఒకే దారిలో గుంపుగా తిరిగే చిన్నవాటిని వేరే జాతిగా చూడడం సబబని తోచి, వాటిని గ్రహశకలాలన్నారు. ఏ ఓటింగూ లేదు, ఎవరూ కన్నీరు పెట్టలేదు.

ప్లూటో కథా ఇదే. 1930లో అమెరికాలో టాంబో అనే యువకుడు దానిని చూసినప్పుడు భూమి అంతటిదేమో అనుకొన్నారు. 1978లో దానికి ఉపగ్రహం ఒకటి కనబడినది. ఉపగ్రహం తిరిగే వేగాన్నీ దూరాన్నీ బట్టి అసలుదాని బరువు కట్టవచ్చు. కట్టి చూస్తే మన చంద్రుడిలో అయిదోవంతు కూడా లేదు. 1992నుంచి నెప్ట్యూన్ అవతల అటువంటి మంచుముద్దలు ఒకటొకటిగా కనిపించసాగినవి. 2005లో ఎరిస్ అనేది బయటపడినది. అది ప్లూటోకన్న బరువైనది. ఇప్పుడు న్యాయంగా రెండే మార్గాలు: ఎరిస్‌నూ చేర్చుకోవడం, లేదా ప్లూటోనూ తీసివేయడం.

తీర్పు చెప్పిన సభ అంతర్జాతీయ ఖగోళ సంఘానిది. ఈ సంఘం మనకు అంత పరాయిది కాదు. 1979లో దానికి అధ్యక్షుడైనవాడు వైను బప్పు. మలయాళీ కుటుంబమే గాని పెరిగినది హైదరాబాదులో. తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేసేవారు, కొడుకు నిజాం కాలేజీలో చదివినాడు. మన కోరమంగలలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌ను, జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నిలబెట్టినది ఆయనే.

ఆకాశంలో ఒకదానికి పేరు పెట్టడం ఎంత చిక్కో కావలూరే ఒకసారి చూపించినది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డంగా రావలసి ఉన్నది. గ్రహం ఇంకా అడ్డురాకముందే నక్షత్రం వెలుగు కొద్ది సెకన్లపాటు మసకబారడం భట్టాచార్య, కుప్పుస్వామి అనే మనవాళ్లు గుర్తించినారు. యురేనస్‌కు కొత్త ఉపగ్రహమని ప్రకటించినారు. విమానంలో ఎగురుతూ చూసిన అమెరికన్ బృందానికి గ్రహానికి ముందూ వెనకా కూడా అటువంటి మసకలు కనబడినవి. అన్నీ కలిపి చూస్తే అది ఉపగ్రహం కాదు, వలయాలు! కావలూరువారు చూసినది నిజం. దానికి పెట్టిన పేరు మాత్రం మారినది. వారు దానిని అవమానంగా తీసుకొన్నారనుకోను.

ప్రాగ్‌లో మొదట వచ్చిన ముసాయిదా ప్రకారం సూర్యుడి చుట్టూ తిరుగుతూ గుండ్రంగా ఉంటే చాలు. అట్లా అయితే గ్రహాలు పన్నెండయ్యేవి. పెద్ద తగాదా జరిగినది. చివరకు మూడు షరతులు పెట్టినారు. సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుకు తానే గుండ్రంగా సర్దుకొనేటంత పెద్దది కావాలి. తన దారి పొడవునా తనకు సాటి వచ్చేవి మిగలకుండా ఊడ్చుకొని ఉండాలి. మొదటి రెండూ ప్లూటోకు ఉన్నవి. మూడోది లేదు. అది నెప్ట్యూన్ దారిలోకి దూరి వస్తుంది, చుట్టూ తనవంటివే బోలెడు. కనుక దానిని, సెరిస్‌నూ, ఎరిస్‌నూ మరుగుజ్జు గ్రహాలన్నారు.

ఓటు వేసినవారు 424 మంది. సంఘంలో సభ్యులు వేలమంది. ఇది న్యాయమా అని నేటికీ దెబ్బలాడుతున్నారు. మూడో షరతు మాటలు నాకూ వదులుగానే కనిపిస్తవి. గురుడి దారిలోనూ శకలాలున్నవి కదా అంటారు. అవి గురుడి ఆకర్షణ చెప్పినట్లు నడిచేవి అని జవాబు. అందులో పస ఉన్నది. మరుగుజ్జు గ్రహం గ్రహం కాదనడం మాత్రం, పొట్టివాడు మనిషి కాడన్నట్లు, తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉన్నది. పైగా ఆ నిర్ణయం మన సూర్యుడికే పరిమితం. ఇతర నక్షత్రాల చుట్టూ అయిదువేలకు పైగా దొరికినవాటికి అది వర్తించదు.

అమ్మా, మూడో వరుసలో ఉన్నావు కదా, ఇన్నేళ్లకు నీ ప్రశ్నకు జవాబు. రెండు తొమ్మిదులూ ఒకటి కావు. రెండింటిలోనూ ఉండేవి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, ఈ అయిదుగురే. మిగిలిన నాలుగూ వేరు. నువ్వు అప్పుడే కనిపెట్టినావు. మీ అబ్బాయి బడిలో ఎనిమిదనే రాయాలి, గుడిలో తొమ్మిదింటికీ ప్రదక్షిణం చేయవచ్చు.

సిద్ధాంతిగారు వచ్చినారు. ఈ ఏడు రాజెవరో, మంత్రి ఎవరో వారే చెప్పాలి. రాహుకేతువులకు మాత్రం ఏ పదవీ రాదు, వారికి వారం లేదు గనుక.