కావలివాడు పొరబడిన వేళ
(సాకేత్‌లో జరిగిన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. కళాశాలలో చరిత్ర చదివి, సచివాలయమున దస్త్రములు చూచుకొనువాడను. అయినను నేడొక వ్యాధిని గూర్చి మాట్లాడుటకు కారణము కలదు. మా విభాగమున పనిచేయు మిత్రులొకరు విరేచనములతో మూడునాళ్లు మంచము పట్టి కోలుకొనిరి. రెండు వారముల పిదప సాకేత్ మెట్రో స్టేషను మెట్లెక్కబోగా ఆయన మోకాళ్లు పట్టు దప్పెను. పాదమున చెప్పు నిలువకుండెను. “నీరసమండీ, పాలు, గ్రుడ్లు పుచ్చుకొండి, సర్దుకొనును” అని చెప్పినవాడను నేనే. మరునాటి సాయంకాలమునకు ఆయన చేయి యెత్తలేకపోయిరి. మూడవనాడు ఊపిరికే కష్టమయ్యెను.

ఆ వ్యాధి పేరు గిలాన్-బారే సిండ్రోము. పత్రికలలో జీబీఎస్ అని వ్రాయుదురు. 1916లో ఫ్రాన్సు దేశమున గిలాన్, బారే, స్ట్రోల్ అను మువ్వురు వైద్యులు ఇద్దరు సైనికులయందు దీని లక్షణములను వర్ణించిరి. ఏటేట లక్షమందిలో ఒకరికో, ఇద్దరికో వచ్చు అరుదైన వ్యాధి యిది. కాని 2025 జనవరిలో పూనా నగరపు సింహగడ్ రోడ్డు ప్రాంతమున ఒక్కపెట్టున పలువురికి సోకెను; కలుషిత జలమే కారణమని అనుమానించిరి. ఆ ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోను దీనివలన మరణము సంభవింపగా మన తెలుగునాట కలవరము పుట్టెను.

మన దేహమున రోగక్రిములతో పోరాడు రక్షణశక్తి యొకటి కలదు. కలుషితాహార జలములవలన కడుపులో చేరు కాంపిలోబాక్టర్ అను క్రిమి పైపొరకును, మన నరములలోని కొన్ని పదార్థములకును పోలిక యున్నది. క్రిమిని హతమార్చిన కావలివాడు ఆ పోలికచే భ్రమపడి, సొంత యింటివారినే శత్రువులని కొట్టినట్లు, రక్షణశక్తి నరములపై పడును. విద్యుత్తీగకు రబ్బరు తొడుగువలె నరమునకున్న పొర చెడును; కొందరిలో నరమే దెబ్బతినును. మెదడు పంపు ఆజ్ఞ కండరమునకు చేరదు. పక్షవాతము సాధారణముగా ఒక ప్రక్కకే వచ్చును. ఇది తరచుగా రెండు పాదములనుండి మొదలై పైకి ప్రాకును. వైద్యుడు చిన్న సుత్తితో మోకాటిపై తట్టినను కాలు ఎగురదు.

ఇది అంటువ్యాధి కాదు. రోగిని తాకుటకు భయపడ నవసరము లేదు. చికిత్సయు కలదు. ఇమ్యునోగ్లోబులిన్‌ను సాధారణముగా ఐదు దినములు సిరలోని కెక్కింతురు. లేదా రక్తములోని ప్లాస్మాను మార్చుదురు. మొదటి రెండు వారములలోనే ఆరంభించిన మేలు. సుమారు నలుగురిలో ఒకరికి కృత్రిమ శ్వాసయంత్రము కావలసివచ్చును. కొందరు మరణింతురు, కొందరికి బలహీనత మిగులును. కాని నూటికి ఎనుబదిమంది ఆరు మాసములలో ఊతలేకుండ నడువగలరు.

మా మిత్రులు శ్వాసయంత్రముపై నున్న దినములలో, ఆయనకు స్పృహ లేదనుకొని, మంచము ప్రక్కనే మేము ఆయన పిల్లల భవిష్యత్తును గూర్చి మాటలాడుకొంటిమి. మాట తిరిగి వచ్చిన పిదప ఆయన నాతో, “మీరన్నదంతయు వింటినండీ, కనురెప్ప కదల్చుటకైనను శక్తి లేకుండెను” అనిరి. ఆ మాటకు నేను తల యెత్తలేకపోతిని.

కావున నా మనవి మూడు మాటలు. నీటిని కాచి త్రాగుడు. జ్వరమో, విరేచనములో తగ్గిన కొన్నివారములలో రెండు కాళ్లును బలహీనపడిన, నీరసమని నావలె సలహాలు చెప్పక ఆనాడే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండు. రోగి కదలకున్నను, వినుచున్నాడని యెరిగి, ధైర్యవచనములే పలుకుడు.

ఆయన నేడు కమ్మీ పట్టుకొని ఆ మెట్లే ఎక్కుచున్నారు. నేను ఒక మెట్టు వెనుక నడచుచున్నాను.

సెలవు.