పొయ్యి వెలిగించని ఫలహారం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసం అనగానే చదువుల గురించో, ఉద్యోగాల గురించో చెబుతామని మీరంతా అనుకుని ఉంటారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. వంట మా వృత్తి కాదు. అయినా ఈ రోజు వంటింటి సంగతే ఎత్తుకున్నాము. మాస్టర్‌సాబ్‌కు వంటింట్లో ఏం పని అని అమ్మీలు నవ్వుకుంటే నవ్వుకోండి, మాకు సంతోషమే. ఆకలితో కూర్చున్న పిల్లకు అక్షరం నేర్పడం ఎంత కష్టమో రోజూ చూసేవాళ్ళం కనుక, ఈ సంగతి చెప్పే హక్కు మాకు కొంచెం ఉందని భావిస్తున్నాము.

ముందుగా రెండు లెక్కలు మనవి చేస్తాము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేళ్ళ లోపు పిల్లలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది అని తేలింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తెలంగాణలో నూటికి సుమారు 58 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 59 మంది. ఇది ఒక కులానికో, ఒక మతానికో సంబంధించిన లెక్క కాదు, అందరిదీ. కాని అందరిదీ అన్నప్పుడు మన వీధి కూడా అందులో ఉన్నట్టే కదా! ఉదయం ప్రార్థన వరుసలో కళ్ళు తిరిగి కూలబడే ఆడపిల్ల, మూడో పీరియడుకే బల్ల మీద తల వాల్చే పిల్లవాడు, వీళ్ళను బద్ధకస్తులని తిట్టే ముందు పొద్దున ఏం తిన్నారని అడగాలి.

పొద్దుటి నాశ్తా సంగతి అలా ఉంచి, సాయంత్రం సంగతి చూద్దాం. నాలుగింటికి బడి వదులుతారు. ఇంటికి వచ్చి సంచీ పడేసి పిల్లలు అరబీ చదువుకు పోతారు. మగ్రిబ్ తరువాత గాని ఇల్లు చేరరు. మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయింది. ఆ ఖాళీలో పిల్ల చేతిలో పడేది అయిదు రూపాయల పొట్లం. అందులో ఉప్పు, నూనె, పిండి, గాలి. లేదంటే ఒక కప్పు చాయ్, రెండు బిస్కెట్లు. ఆకలి చచ్చిపోతుంది కాని ఒంటికి ఏమీ పట్టదు.

తల్లిని తప్పు పట్టడానికి మేము రాలేదు. ఆ వేళకు ఒక ఇంట్లో తల్లి మిషను కుడుతూ ఉంటుంది, ఇంకో ఇంట్లో బీడీలు చుడుతూ ఉంటుంది, మరో ఇంట్లో జర్దోసీ చట్రం ముందు కూర్చుని ఉంటుంది. గ్యాసు ఖర్చు వేరే. అందువల్ల పొయ్యి వెలిగించనక్కర లేకుండా, నూనె చట్టి పెట్టకుండా, ఓవెను అనేది ఇంట్లో లేకపోయినా, కూరగాయలతో చేసుకోగలిగిన చిన్న చిన్న ఉండల సంగతి చెప్పదలచాము.

ఇది కొత్త విద్య ఏమీ కాదు. నాగుల చవితికి మన ఇరుగుపొరుగు ఇళ్ళలో చిమ్మిలి, చలిమిడి చేస్తారు. నువ్వులూ బెల్లం దంచితే చిమ్మిలి, తడి బియ్యప్పిండీ బెల్లం కలిపితే చలిమిడి. వాటికి నిప్పుతో పని లేదు. తెలంగాణ పల్లెల్లో మలీదా ముద్దలు పీర్ల పండుగకూ చేస్తారు, బతుకమ్మకూ చేస్తారు. రొట్టె నలిపి బెల్లం కలిపి ముద్ద కడతారు. ముద్ద కట్టే చెయ్యి మన దాదీలది, నానీలది. అందులోకి కూరగాయను చేర్చడమే మనం చేయవలసింది.

ఇక కిటుకు చెబుతాము. ఏ ఉండకైనా మూడు పనులు చేసే మూడు వస్తువులు కావాలి. ఒకటి కూరగాయ: అందులో నీరు ఉంటుంది. రెండు, ఆ నీటిని పీల్చుకునే పొడి: పుట్నాల పొడి గాని, అటుకుల పొడి గాని. మూడు, అంటిపెట్టుకునే జిగురు: గింజ తీసిన ఖర్జూరం, లేదా బెల్లం, లేదా నువ్వుల్లోంచి వచ్చే నూనె. ఈ మూడింటి సంగతి తెలిస్తే కొలతలు మీ చెయ్యే చెబుతుంది. ముద్ద జారితే పొడి తక్కువైందన్న మాట. విడిపోతే జిగురు తక్కువైందన్న మాట.

మొదటిది గాజర్ ఉండలు. రెండు మధ్యరకం క్యారట్లు, అనగా సుమారు 150 గ్రాములు, కడిగి, చెక్కు తీసి సన్నగా తురుముకోండి. తురుమును చేతితో మెల్లగా పిండండి. ఆ రసం పారబోయకుండా నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. పుట్నాలు 150 గ్రాములు, దుకాణంలో వేయించి అమ్మే పల్లీలు 50 గ్రాములు విడివిడిగా పొడి చేసుకోండి. మెత్తని ఖర్జూరం 100 గ్రాములు గింజలు తీసి నలపండి. ఖర్జూరం గట్టిగా ఉంటే నాలుగు చెంచాల నీళ్ళలో పావుగంట నాననివ్వండి. అన్నీ కలిపి, ఒక ఏలకికాయ పొడి వేసి, ఉసిరికాయంత ఉండలు కట్టి, నువ్వుల్లో గాని ఎండుకొబ్బరి కోరులో గాని దొర్లించండి. ఇరవై దాకా అవుతాయి. రంజాన్ తరువాత ప్రతి ఇంట్లోనూ ఖర్జూరం మిగిలిపోతుంది కదా, దానికి ఇంతకంటే మంచి దారి లేదు.

పల్లీలు, నువ్వులు ఎందుకు వేయమంటున్నామంటే, రుచి కోసం మాత్రమే కాదు. క్యారట్‌లో ఉండే, ఒంట్లో విటమిన్ ‘ఎ’గా మారే రంగు పదార్థం కొంచెం కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఆ కొవ్వును పల్లీలూ నువ్వులూ ఇస్తాయి. నువ్వుల్లో సున్నం, ఇనుము కూడా ఉన్నాయి.

రెండవది కారం ఉండలు. తీపి వద్దనే పిల్లలకూ, షుగరు జబ్బున్న పెద్దలకూ ఇది మేలు. పెద్దలు మాత్రం తమకు పెట్టుకున్న ఆహార లెక్కలోనే దీన్నీ కలుపుకోవాలి. పలచటి అటుకులు ఒక గ్లాసు పొడి చేయండి. అర గ్లాసు పుట్నాల పొడి, పావు గ్లాసు పల్లీల పొడి కలపండి. ఒక క్యారట్ తురుము, గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు సన్నగా తరిగి వేయండి. జీలకర్ర పొడి, తగినంత పచ్చిమిర్చి, ఒక నిమ్మకాయ రసం చేర్చండి. ముద్దకు రాకపోతే ఒక చెంచా నీళ్ళు చల్లి, అటుకులు ఉబ్బడానికి పది నిమిషాలు ఆగండి. ఉప్పు మాత్రం చివరన, ఉండలు కట్టబోయే ముందు వేయాలి. ముందే వేస్తే కూరగాయ నీరు వదిలి ముద్ద పలచబడుతుంది. కీరా, టమాటా ఇందులో పనికి రావు, వాటికి నీళ్ళెక్కువ.

మూడవది మునగాకు చిమ్మిలి. మునగచెట్టు లేని వీధి మన ఊళ్ళలో అరుదు. ఆకు దూసి, బాగా కడిగి, పలచటి బట్ట మీద నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే మంచి గుణం చాలా పోతుంది. నాలుగు రోజులకు గలగలమన్నాక పొడి చేసి గట్టి మూత డబ్బాలో పెట్టుకోండి. ఒక గ్లాసు నువ్వులు, అర గ్లాసు తరిగిన బెల్లం, రెండు చెంచాల మునగాకు పొడి కలిపి రోట్లో దంచండి, లేదా మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. నువ్వుల నూనె పైకి తేలగానే ఉండ కడితే నిలుస్తుంది. ఆకు పొడి ఎక్కువైతే చేదు వస్తుంది, ఆశకు పోవద్దు. తడి లేదు కనుక ఇవి వారం రోజులు నిలవ ఉంటాయి.

మొదటి రెండు రకాలు అలా కాదు. పచ్చి కూరగాయ ఉంది కనుక చేసిన పూటే తినాలి. ఫ్రిజ్ ఉంటే గాజర్ ఉండలు మర్నాటి దాకా ఉంచవచ్చు. వాసన మారినా, జిగటగా తీగ సాగినా మొహమాటం లేకుండా పారేయండి. వండని పదార్థం కనుక చేతులు సబ్బుతో కడగడం, కూరగాయను పారే నీళ్ళలో కడగడం తప్పనిసరి. పల్లీల్లో బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయండి. ఆ బూజులో కాలేయానికి చెరుపు చేసే విషం ఉంటుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు మెత్తని పొడిగానే వాడాలి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. చిన్నవాళ్ళకు ఉండను చిదిపి పెట్టండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. పల్లీలు, నువ్వులు పడక దద్దుర్లు వచ్చే పిల్లలుంటే వాళ్ళకు ఇవి పెట్టవద్దు.

ఇప్పుడు ఒక అపోహ గురించి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది గనుక తింటే రక్తం పడుతుందని చాలామంది నమ్మకం. బీట్‌రూట్ మంచిదే, తురిమి ఉండల్లో వేసుకోండి, రంగు ముచ్చటగా ఉంటుంది. కాని అందులో ఇనుము కొంచెమే. రంగుకూ రక్తానికీ చుట్టరికం లేదు. ఇనుము కోసం నువ్వులు, ఆకుకూరలు, పప్పులు, వీలున్నవారికి మాంసం, లివరు నమ్ముకోవాలి. ఆకుల్లో గింజల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మకాయో, ఉసిరికాయో, జామపండో తోడుండాలి. చాయ్ దానికి విరోధి. భోజనానికి గంట ముందూ గంట తరువాతా చాయ్ వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాల్లో చెప్పింది. కనుక ఈ ఉండలతో పాటు చాయ్ పెట్టకండి, నిమ్మకాయ నీళ్ళు ఇవ్వండి.

అదే సంస్థ పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో కలిపి, తినమంటుంది. మన ఉండ ఒక్కొక్కదానిలో కూరగాయ అయిదారు గ్రాములకు మించదు. అందుచేత రెండు ఉండలు తిన్నాము, కూర అక్కర్లేదు అనుకుంటే దండగే. ఇది కూరకు బదులు కాదు, అయిదు రూపాయల పొట్లానికి బదులు. అలాగే ఖర్జూరంలోనూ బెల్లంలోనూ ఉన్నది తీపే. పిల్లకు రెండు ఉండలు చాలు, తిన్నాక నోరు పుక్కిలించమని చెప్పండి. రక్తం మరీ తక్కువగా ఉంటే ఉండలతో తీరదు, పరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మందు వాడాలి. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్రను, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లలు కిటికీలోంచి విసిరేయకుండా ఇంటి దగ్గర మీరు కూడా ఒక మాట చెప్పండి.

మరొక మనవి. కూరగాయను దాచిపెట్టి పిల్లలను మభ్యపెట్టి తినిపించమని మేము చెప్పడం లేదు. పిల్లలే చేయనివ్వండి. ఇందులో నిప్పు లేదు, కాగే నూనె లేదు. కడగడం, నలపడం, కొలవడం, ఉండ కట్టడం ఎనిమిదేళ్ళ పిల్ల చేయగలదు. తురుము పీట దగ్గర మాత్రం పెద్దవాళ్ళు ఉండాలి. తన చేత్తో కట్టిన ఉండను పిల్లవాడు వద్దనడు, పైగా తమ్ముడికి పెడతాడు, లెక్క కూడా నేర్చుకుంటాడు. ఇది ఆడపిల్లల పని అని మగపిల్లలను లేపి పంపేయకండి. రేపు చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదు వెళ్ళి గదిలో ఒంటరిగా ఉండేది వాళ్ళే.

చివరి మాట తల్లుల గురించి. మేము చెప్పిన లెక్కల్లో పిల్లలతో పాటు స్త్రీలు కూడా ఉన్నారని గమనించారా? మన ఇళ్ళలో వరస మీకు తెలియనిది కాదు. ముందు మగవాళ్ళు, తరువాత పిల్లలు, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది అమ్మీకి. ఉండలు వచ్చినా అదే జరుగుతుంది. పళ్ళెంలో ఇరవై ఉంటే ఇరవయ్యీ పంచేసి, వేలికి అంటింది నాకి లేచిపోతుంది. అందుకని ఇంటి పెద్దలకు విన్నవించుకుంటున్నాము. పంచేటప్పుడు తలలు లెక్కపెట్టండి, ఆ లెక్కలో వంటింట్లో ఉన్న తలను కూడా కలపండి. అమ్మీ వాటా రెండు ఉండలు ముందే వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. పిల్లలకు చెప్పండి, ఆ గిన్నెను ఎవరూ ముట్టరాదని.

మన సంఘం సభలప్పుడు కూడా మిక్చరు, బిస్కెట్లకు బదులుగా ఈ ఉండలు పెడితే బాగుంటుందని కార్యవర్గం వారికి మా సూచన. చేసేందుకు మా బడి పిల్లలను మేము తీసుకువస్తాము. క్యారట్లు, ఖర్జూరం మాత్రం సంఘం వారు ఇప్పించాలి.