శాలివాటిక, శల్యపేటిక: శాలిహుండము కథ



ఎవరి స్మృతికై నేడు మనమిచట సమావేశమైతిమో, ఆ గురువర్యులు తమ జీవితకాలములో ఒక్క గ్రంథమైనను అచ్చువేయింపలేదు. కాని శ్రీకాకుళము చుట్టుపట్ల పల్లెబడులలో రెండు తరముల పిల్లలకు, పుస్తకముతోపాటు తాము నడచు నేలను గూడ చదువుట నేర్పిరి. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠము శాలిహుండము. కనుక ఆయన పేర జరుగు ఈ ఉపన్యాసమునకు ఆ చిన్నయూరినే విషయముగా గైకొనుట నాకు ఋణవిమోచనమువలె తోచుచున్నది.

గార మండలములో, వంశధార దక్షిణతీరమున, కళింగపట్నమునకు పడమరగా రెండు క్రోసుల దూరములో శాలిహుండము కలదు. తూర్పుకనుమలలో, నేటి ఒడిశా కొండలలో జనించి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, ఎగువను ముఖలింగేశ్వరుని పాదముల చెంతనుండి సాగివచ్చిన వంశధార, కడలిలో కలియుటకు ముందు ఒక కొండగుట్టను ఒరసికొని పోవును. ఆ గుట్టపైకెక్కి నిలిచినచో ఒకప్రక్క ఇసుకతిన్నెల నడుమ సాగు నదియు, క్రింద వరిమళ్ళును, తోటలును, తూర్పున నీలిరేఖవలె సముద్రమును ఒక్కచూపునకే అందును. నదికి, పొలమునకు, కడలికి ఉమ్మడి గుమ్మమువంటి ఈ తావును పూర్వులు ఏల ఎన్నుకొనిరో చెప్పుటకు వేరొక సాక్ష్యమక్కరలేదు.

ఈ యూరి పేరునకు రెండు వ్యుత్పత్తులు వాడుకలో నున్నవి. శాలి యనగా వరి గనుక, ధాన్యమునకు నెలవైన శాలివాటికయే శాలిహుండమైనదని కొందరందురు. శల్యమనగా ఎముక గనుక, మహాత్ముల ధాతువులను దాచిన శల్యపేటికయే ఈ రూపము దాల్చెనని మరికొందరందురు. ఏది శబ్దశాస్త్రసమ్మతమో తేల్చుట నా పని కాదు. ఈ రెండు పేర్లును కలసియే ఈ యూరి చరిత్రయగునని మాత్రము నేను విన్నవించుకొందును.

మొదట ఎముకల కథ చెప్పవలెను. క్రీ.పూ. 261 ప్రాంతమున అశోకుడు కళింగముపై దండెత్తెను. లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరపట్టబడిరనియు తన 13వ శిలాశాసనములో ఆయనయే చెప్పుకొని పరితపించెను. కళింగభూమిలోనున్న ధౌళి, జౌగడ శిలలపై మాత్రము ఆ శాసనము కానరాదు. తమ గాయముల లెక్కను ఆ ప్రజలకే చదివి వినిపించుటకు ఆ రాజునకు నోరు రాలేదేమో! ఏ దేశమును ఎముకలపోగు గావించెనో, ఆ దేశముననే కొన్నితరములకు ఈ కొండపై, ఆ రాజు పశ్చాత్తాపముతో పట్టుకొన్న బౌద్ధధర్మమునకు చెందిన ధాతువులు పూజలందుకొనెను. త్రవ్వకములలో ఇచట రాతిభరిణెలును, వానిలో స్ఫటికభరిణెలును, బంగారుపూవులును బయటపడినవి. రాతిలో స్ఫటికము, స్ఫటికములో పసిడిపూవు! మనిషి శేషమును ఇంతటి మన్ననతో దాచిన చేతులు యుద్ధభూమిని మరచిన చేతులు కావు, దానిని చక్కగా జ్ఞప్తియందుంచుకొన్న చేతులే యని నా నమ్మకము.

క్రీ.పూ. 2వ శతాబ్దినుండి క్రీ.శ. 12వ శతాబ్దిదాక ఈ గుట్టపై బౌద్ధము నిలిచియుండెనని పండితుల అంచనా. మహాస్తూపమును, చైత్యగృహములును, విహారములును, బండిచక్రపు ఆకులవలె ఇటుకలు పేర్చిన పునాదులుగల చిన్నస్తూపములును నేటికిని చూడనగును. తొలుత హీనయానము, పిదప మహాయానము, తుదకు వజ్రయానము ఇచట నెలకొనినవి. ఆ కడపటి కాలపు తార, మారీచి మున్నగు దేవతల శిలావిగ్రహములు దొరికినవి. తరింపజేయునది తార, అష్టమహాభయములలో జలభయమును గూడ బాపు తల్లి యని బౌద్ధుల విశ్వాసము. రేవు చెంతనున్న కొండపై ఆమె కొలువుదీరుటలో ఆశ్చర్యమేమున్నది? మగని ఓడ నెక్కించి పంపిన ఇల్లాలెవ్వతెయో ఆ విగ్రహము ముందు నిలిచి చేతులు జోడించియుండునని ఊహించినచో అది అత్యూహ కానేరదు.

ఆ ఓడలెచటికి పోయెడివి? క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ, ఓడలు తీరమును విడిచి సువర్ణభూమివైపు నడిసముద్రమునకు మరలు స్థానమును ఈ కళింగతీర ప్రాంతముననే పేర్కొనెను. మలయదేశమునను, సుమత్రాలోను భారతీయులను ‘కెలింగ్’ అని పిలుచుట కళింగశబ్దమునుండియే వచ్చినది. వీనికంటె నమ్మకమైన సాక్షి మరియొకటి కలదు: మట్టిపళ్ళెపు పెంకు. నునుపైన బూడిదవన్నె పళ్ళెము, లోపలివైపు అడుగున వలయములు వలయములుగా సన్నని గంట్లు. వ్రేలితో తడిమినచో వడ్లగింజ పొట్టుపై గరుకువలె తగులును. ఇట్టి పాత్రల పెంకులు శాలిహుండమున దొరికినవి. సముద్రమునకావల, బాలీద్వీపములోని సెంబిరాన్ గ్రామమునను దొరికినవి. రెండును చిన్నయూళ్ళే, నడుమ మహాసముద్రము. అయినను ఒకే విధమైన పళ్ళెములు ఇరుచోట్లను మనుజుల ముందు నిలిచినవి.

ఇక ధాన్యము కథ. కొండపై భిక్షువు పంట పండింపడు. క్రిందియూరు పెట్టిన పిడికెడు బియ్యముతోనే విహారము నిలుచును. ఇటుక కాల్చినవానికి, రాయి చెక్కినవానికి, ఓడకు తాడు పేనినవానికి కూడు కావలెను. కాన శల్యపేటికను మోసినది శాలివాటికయే. రాజులనుగూర్చి శాసనములు పలుకును. ఆకుమడిలో నడుము వంచిన స్త్రీనిగూర్చి ఏ శాసనమును పలుకదు. అయినను ఆమె చేతిచలువ లేనిదే ఒక్క ఇటుకయైనను ఆ గుట్ట యెక్కియుండదు.

కాలక్రమమున వంశధార తీరముననే కళింగనగరము రాజధానిగా ఏలిన గాంగులు ముఖలింగమున శివాలయములను వెలయించిరి. అరసవల్లిలో సూర్యుడు, శ్రీకూర్మములో కూర్మనాథుడు జనుల మ్రొక్కులందుకొనిరి. అనంతవర్మ చోడగంగదేవుని కాలమున రాజ్యపు గురుత్వము ఉత్తరమునకు, కటకమువైపునకు జరిగెను. విజయనగరసీమలోని రామతీర్థమున గురుభక్తులకొండ, సరుబుజ్జిలిచెంత దంతపురి దిబ్బలు మూగవోయినట్లే, శాలిహుండపు గుట్టయు మూగవోయెను. ఇటుకలపై మట్టి పేరుకొనెను, మట్టిపై తుప్పలు మొలిచెను. కాని క్రింద వరి ఏయేటికాయేడు మొలుచుచునే యుండెను. కొండ తన కథను మరచినను, ఊరు పేరును మరువలేదు.

ఆ పేరు వెనుకనున్న మౌనమును 1919లో విన్నవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో వంశధార తీరముననే, పర్వతాలపేటలో పుట్టిన ఆ మహనీయుడు ముఖలింగ శాసనములను చదివెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై సవరల పల్లెలకు పోయి వారి భాషను వారి నోటనే నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చెను. వ్రాతలేని భాషలో వ్యాకరణమును వినగల్గిన చెవికి, తుప్పలు మూసిన దిబ్బలో చరిత్ర వినవచ్చుట సహజమే. పామరుడని యెవ్వరిని త్రోసిపుచ్చలేదు గనుకనే ఆయనకు మన్నుగూడ మాటాడెను. పిమ్మట లాంగ్‌హర్స్ట్, టి. ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం గారలు త్రవ్వకములు సాగించిరి. సుబ్రహ్మణ్యం గారి నివేదిక 1964లో వెలువడెను. విగ్రహములకు ఆ గుట్టచెంతనే ఒక ప్రదర్శనశాల ఏర్పడినది.

మా గురువుగారు మమ్ములనచటికి తీసికొనిపోయినది పుష్యమాసములో. గుట్ట దిగునప్పుడు మాలో నొకడు దారిలోనొక పెంకు నేరి జేబులో వైచుకొనెను. ఆయన కోపింపలేదు. ‘ఎచట తీసితివో అచటనే పెట్టు నాయనా, అది తానున్న చోటనే మాటాడును’ అనిరి. దిగువ కళ్ళములో నూర్పు ముగిసి, వెంటిచుట్టి పురి కట్టుచున్న రైతు మా దోసిళ్ళలో తలా పిడికెడు వడ్లు పోసెను. అప్పుడాయన మమ్మడిగిరి: ‘ఆ పెంకు పాతదా, ఈ గింజ పాతదా?’

పెంకే యని మేమందరమును ఒక్కగొంతుతో పలికితిమి.

‘కాదురా. పెంకును చేసిన చేయి ఒక్కనాటితో ఆగిపోయినది. ఈ గింజను నిరుటి గింజ కన్నది, దానిని ముందటేటి గింజ. ఆ కొండపై సన్నాసులకు ముద్ద పెట్టిన గింజనుండి మీ దోసిటిదాక ఒక్కయేడైనను తెగలేదు. తెగనీయని వారెవరో చూడుడు’ అని ఆ రైతునకు నమస్కరించిరి.

సభాసదులారా, ఆ గుట్టకు కంచె వేయుట, విగ్రహములకు నీడ కల్పించుట ప్రభుత్వము పని, అది జరుగవలెను. ఆ గుట్ట క్రింది మళ్ళకు నీరందుట, ఆ రైతుబిడ్డ వలసపోక తనయూర నిలుచుట అంతకు తక్కువైన పురావస్తు రక్షణ కాదు. శల్యపేటికకు కావలియున్నది శాలివాటికయే. ఆనాటి వడ్లను నేనింటికి కొనిపోయి మా అమ్మ చేతికిచ్చితిని. ఆమె వానిని విత్తనపు కుండలో కలిపినది.